విత్తనాల దొంగ

మధ్యాహ్నం అన్నం బెల్లు కొట్టగానే, గేటు దగ్గర ఎవరో ముసలాయన అడుగుతున్నాడని మల్లీశ్వరికి కబురొచ్చింది.

రాయదుర్గంలో జీన్స్ కుట్టే యూనిట్ అది. ఆమెను వెతుక్కుంటూ అక్కడికి ఎవరూ రారు.

తెల్ల పంచె, భుజాన తువ్వాలు. ఎన్నడూ చూసిన మొహం కాదు.

"కొండప్ప కూతురివి నువ్వేనా పాపా?"

"అవు తాతా. ఏం కావల్ల?"

"ఫోన్లో కథ రాసినావంట గదా, విత్తనాల దొంగ కథ. నా మనవరాలు చదివి వినిపించింది. మొదటి భాగమే ఉండాది. తర్వాతిది యాడుంది?"

మల్లీశ్వరి పొంగిపోయింది. ఆ కథ వాళ్ళ నాయనది మరి.

వానలకు ముందు ఇంటిల్లిపాదీ చుట్టూ కూర్చుని విత్తనానికి వేరుశనక్కాయలు ఒలిచేవాళ్ళు. పిల్లలు గింజలు నోట్లో వేసుకోకుండా కొండప్ప ఈ కథ ఎత్తుకునేవాడు.

అది కరువు ఏడు. ఆకలికి తాళలేక జనం దాచిన విత్తనక్కాయలు కూడా వేయించుకు తింటున్నారు. ఒకడు ఇంటింటా దూరి కాసిని కాసిని దొంగిలించాడు. పట్టుకుని చావగొట్టి ఊరినుంచి తరిమేశారు. వాడు పోతూ పోతూ ఒక గుంత జాడ కొండప్పకు మాత్రమే చెప్పిపోయాడు. వాన పడింది. గుంత తవ్వితే ఊరంతటికీ సరిపడా విత్తనం!

జాడ చెప్పిందెవరో కొండప్ప బయటపెట్టలేదు. ఊరివాళ్ళు అది మారెమ్మ మహిమ అనుకుని కోళ్ళు కోసుకుని తిన్నారు.

"ఆ దొంగ పేరేంది నాయనా?" అని అడిగేది మల్లీశ్వరి.

"దొంగకు పేరేంటికే? గింజలు ఒలువు" అనేవాడు కొండప్ప.

గొప్పకు పోయి కథలో తనను కూడా దూర్చుకున్నాడని ఇంట్లో అందరూ నవ్వేవాళ్ళు. కొండప్ప పోయి రెండేళ్ళయింది. ఒలిచి ఒలిచి బొబ్బలెక్కిన ఆ వేళ్ళ మంట తలుచుకున్నా ఇప్పుడు ఆమెకు తియ్యగానే ఉంటుంది.

"మిగతాదంతా వెండిగూడు యాప్ వాళ్ళ దగ్గరుండాది తాతా. పోటీ పెట్టినారు. గెలిస్తే సినిమా తీస్తారు. 'కథ: కొండప్ప మల్లీశ్వరి' అని తెరమీద పడ్తాది" అంది. తండ్రి పేరును అలా తెరమీద చూడాలన్నదే ఆమె ఆశంతా.

"అది నిజంగా జరిగిందేనా పాపా?"

కథ పంపేటప్పుడు మల్లీశ్వరిని యాప్ కూడా ఇదే అడిగింది. నిజంగా జరిగిందంటే ఆ మనిషి ఒప్పుదల తెమ్మంది. పేరే లేని మనిషిని ఎక్కడినుంచి తెస్తుంది? 'జానపద కథ' అన్నచోట నొక్కేసింది. కథ సాఫీగా ఎక్కిపోయింది.

ఈయన ఆరా తీయడానికి యాప్ వాళ్ళు పంపిన మనిషేమో!

"యాడ జరిగింది తాతా? ఊరికే చెప్పుకునే కథ. అట్లాంటి మనిషి యాడా లేడు."

ముసలాయన ఒక అడుగు దగ్గరికొచ్చాడు.

"మీ నాయన ఆ దొంగ పేరేమన్నా చెప్పినాడా?"

"ఉంటే గదా చెప్పేకి!"

ఆయన చిన్నగా నవ్వాడు. "విడపనకల్లు బస్టాండు వెనక మా బిడ్డ మారెక్క ఇల్లు. ఎప్పుడన్నా వచ్చి మిగతా కథ చెప్పిపో పాపా."

"సరేలే తాతా" అని మల్లీశ్వరి మిషన్ దగ్గరికి పరిగెత్తింది. గండం గడిచిందనుకుంది.

పోటీలో ఆమె గెలవలేదు.

కొన్నాళ్ళకు అదే వెండిగూడులో కొత్త సిరీస్ ట్రైలర్ వచ్చింది. అదే దొంగ, అదే గుంత, చివరికి ఆ కోళ్ళు కూడా. రచయిత పేరు మాత్రం వేరే ఎవరిదో.

వెంటనే వెండిగూడు వాళ్ళకు ఫోన్ చేసింది.

"జానపద కథ అని మీరే నొక్కారు కదా మేడమ్. జానపదానికి ఓనర్ ఉండరు" అంది అవతలి అమ్మాయి, ఎంతో మర్యాదగా. "మా టీమ్ మీ ఊరికి కూడా వెళ్ళొచ్చింది. అందరూ మారెమ్మ మహిమే అన్నారు."

కొండప్ప కథలో దొంగ ఎత్తుకుపోయింది తిరిగిచ్చాడు. వీళ్ళకు ఆ పాటి నీతి కూడా లేకపోయింది.

వకీలు కుళ్ళాయప్ప అంతా విని తల గోక్కున్నాడు.

"ఇది నిజంగా జరిగిందని, గుంత సంగతి మీ నాయనకు తప్ప ఇంకెవురికీ తెలీదని చెప్పే మనిషి ఒక్కడుంటే సాలు. అప్పుడు ఇది జానపదం కాదు, నువ్వు రాసిన కథ అయితాది. ఉండాడా అట్లాంటోడు?"

ఎవరున్నారు? ఎంత ఆలోచించినా ఆమెకు గేటు దగ్గరికొచ్చిన ముసలాయన ఒక్కడే గుర్తొచ్చాడు. ఆయనది నాయన ఈడే. ఆ కాలం సంగతులు ఏమైనా తెలుసేమో. ఆదివారం విడపనకల్లు బస్సెక్కింది.

మారెక్క ఇల్లు తేలిగ్గానే దొరికింది. గోడమీద ముసలాయన ఫోటో, దానికి పూలదండ.

"నాయన పోయి నెల దాటిందమ్మా" అంది మారెక్క, వచ్చింది ఎవరో తెలిశాక. "నీ కథ తర్వాతి భాగం వచ్చిందా అని రోజూ నా బిడ్డను ఫోన్ చూడమనేవాడు."

మల్లీశ్వరి గడపమీదే కూర్చుంది. ఏడుపు ఆగలేదు.

"అక్కా, మీ నాయన నన్ను వెతుక్కుంటా అంత దూరం ఎందుకొచ్చినాడు?"

మారెక్క ఆమె పక్కనే కూర్చుంది.

"అది నాకూ అప్పుడు తెలీదమ్మా, నీ దగ్గర్నుంచి వచ్చినంక మాత్రం, 'కొండప్ప ఎంత మాట మీద నిలబడే మనిషే మారీ, ఆ దొంగ నేనేనని కన్నకూతురికి గూడా చెప్పలేదు' అని సంబరపడినాడు."