గోదావరి గీసిన ఇల్లు

“ఇయ్యాల గూడ ఇల్లేనా గోదావరీ?” అంటూ గ్రేస్ చాప మీద ఆమె పక్కన కూర్చుంది.

గోదావరి తలెత్తలేదు. నేల మీద పరిచిన తెల్ల దుప్పటి అంచున బొగ్గుముక్కతో గీస్తూనే ఉంది. రేకుల ఇల్లు. దానికి ఒకటే తలుపు. తలుపుకు బయట గొళ్లెం. ఇంటి వెనక ఎత్తుగా, మూడు చారల నీళ్ల ట్యాంకు.

ఆమె అసలు పేరు ఎవరికీ తెలియదు. మూడు నెలల క్రితం ధర్మపురిలో నది మెట్ల మీద ఒంటరిగా కూర్చుని ఉంటే పోలీసులు తెచ్చి కరీంనగర్‌లోని ఈ ఆశ్రమంలో చేర్చారు. మనసు చెదిరి, నా అన్నవాళ్లు లేకుండా మిగిలిన ఆడవాళ్లు పదకొండు మంది ఉంటారక్కడ. వచ్చిన రోజు నుంచి ఆమె నోట ఒక్క మాట లేదు. నది దగ్గర దొరికింది కనుక గోదావరి అని వాళ్లే పిలుచుకున్నారు.

గ్రేస్ బడిలో డ్రాయింగ్ టీచరు. వారానికి మూడు సాయంత్రాలు ఇక్కడికొచ్చి బొమ్మలు వేయిస్తుంది. అందరికీ కలిపి ఒకటే దుప్పటి. ఒకరు మొదలుపెట్టిన బొమ్మను ఇంకొకరు పెంచాలి. “నోటితోని చెప్పరానిది చెయ్యి చెప్తది. మనసుల ఏముంటే గదే గీయుండ్రి,” అని మొదటి రోజే చెప్పింది.

“బొమ్మలతోని ఎవలకన్న నయమైందా టీచరమ్మా?” అని వార్డెన్ పద్మలత రెండేళ్లుగా నవ్వుతూనే ఉంది. ఆ నవ్వు గ్రేస్‌ను లోపల గుచ్చుతూనే ఉంది. అందుకే గోదావరి మీద ఆమెకంత పట్టుదల. ఒక్క మనిషినైనా ఇంటికి చేర్చాలి.

ఆ రోజు ఆ పదకొండు మందిలో ఒకతైన కనకవ్వ దుప్పటి మీదికి వంగి, “గీ ట్యాంకి నేను చూసిన!” అని అరిచింది. “మా శ్రీరాంపూర్ దిక్కున్నది. దీని పక్కనుంచే బొగ్గు లారీలు వోతయి.”

“అయితే గియ్యి కనకవ్వా, ఆ తొవ్వ గియ్యి!” అంది గ్రేస్.

కనకవ్వ రోడ్డు వేసింది. ఇంకొకామె లారీ పెట్టింది. మరొకామె ట్యాంకు కింద పంక్చర్ దుకాణం, దాని ముందు టైర్ల గుట్ట వేసింది. “అవు, గది గూడ ఆడనే ఉండె,” అంది కనకవ్వ. చూస్తుండగానే దుప్పటి మీద ఒక వీధి లేచి నిలబడింది. గోదావరి కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి. అరచేతితో తన ఇంటిని రుద్ది రుద్ది నల్లగా చేసింది.

“ఏడువనియ్యుండ్రి. లోపలి భారం దిగుతది,” అంది గ్రేస్. ఆమె కళ్లూ చెమర్చాయి.

గోదావరి పక్క మంచం సమ్మక్క ఒక్కతే పెన్సిల్ పట్టుకుని ఊరికే కూర్చుంది.

“నువ్వు గూడ ఏమన్న గియ్యి సమ్మక్కా.”

“నాకు రాదు మేడం,” అని పెన్సిల్ కింద పెట్టేసింది.

గ్రేస్ దుప్పటికి ఫొటో తీసి, శ్రీరాంపూర్‌లో ఉండే చిన్నాన్న కొడుకు బెన్నీకి పంపింది. రెండో రోజే బెన్నీ ఫోన్ చేశాడు.

“అక్కా, ఇల్లు దొరికింది! భార్య తప్పిపోయిందని ఆ ఇంటాయన తిరగని జాగ లేదట. ఫొటో చూపిస్తె కూలవడి ఏడ్చిండు.”

గ్రేస్ ఆ సంతోషంతో అన్నం కూడా తినలేకపోయింది.

శనివారం పొద్దున ఆయన వచ్చాడు. పేరు శ్యాంసుందర్. తెల్ల చొక్కా, మెత్తని మాట. పెళ్లి ఫొటో, ఆధార్ కార్డు, కొత్త చీర తెచ్చాడు. గోదావరి అసలు పేరు రోజారాణి.

“మీ కాళ్లు మొక్కుత టీచరమ్మా,” అన్నాడు. “ఎన్ని దిక్కులు దేవులాడిన! ఇగ గడప దాటనియ్య. కండ్లల్ల వెట్టుకొని చూసుకుంట.”

అతన్ని చూడగానే గోదావరి గోడకు అతుక్కుపోయింది. పద్మలత కాగితాల మీద ఆమె వేలిముద్ర వేయించింది. “నీ మొగడేనా?” అని అడిగితే ఆమె మెల్లగా తలూపింది.

బయల్దేరేముందు గోదావరి గ్రేస్ కొంగు పట్టుకుంది. ఎంతకూ వదల్లేదు.

“చూసినవా, నన్ను ఇడిసిపెట్టి పోబుద్ధైతలేదు!” అని గ్రేస్ మురిసిపోతూ ఆమె వేళ్లను ఒక్కొక్కటిగా విడదీసింది. “మీ ఇంటికే పోతున్నవు పిచ్చిదానా. పోయిరా.”

కారు గేటు దాటింది. పద్మలత మొదటిసారి గ్రేస్ చెయ్యి పట్టుకుని, “నీ బొమ్మలకు దండం తల్లీ,” అంది. లోపల ఆడవాళ్లంతా చప్పట్లు కొట్టారు. వచ్చే నెల పెద్దవాళ్లను పిలిచి ఆ దుప్పటి చూపించాలని కూడా అనుకున్నారు.

సమ్మక్క మాత్రం ఖాళీ అయిన మంచం మీద కూర్చుని ఉంది. గ్రేస్ వెళ్లి ఆమె భుజం మీద చెయ్యి వేసింది.

“దోస్తు పోయిందని రంది వెట్టుకున్నవా? మంచిగయ్యే పోయింది కదా. రేపో మాపో మాటలు గూడ వస్తయి.”

“ఆమెకు మాటలు వచ్చు మేడం.”

గ్రేస్ చెయ్యి అక్కడే ఆగిపోయింది. “ఏందీ?”

“మొదటి సంది వచ్చు. ఎవ్వలు లేనప్పుడు నా చెవుల మాట్లాడేది. మాట్లాడుతదని తెలిస్తె పేరు, ఊరు అడుగుతరని భయం. నాతోని ఒట్టు వెట్టించుకున్నది.”

“మరి రోజూ ఆ ఇల్లెందుకు గీసింది?”

“మనసుల ఏముంటే గదే గీయుమన్నరు కదా మీరు.”

గ్రేస్ ఆ మంచం మీదే ఆమె పక్కన కూర్చుంది. “నీతోని ఏమని మాట్లాడేది సమ్మక్కా?”

“‘నేనిక్కడున్నట్టు మా ఆయనకు తెల్వనియ్యకు’ అని.”