సన్యాసిరావు రాయించిన అర్జీ

“పేరు రాయకు. ఆకాశరామన్న అని పడెయ్,” అన్నాడు సన్యాసిరావు, కంప్యూటర్ పక్కకి ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని కూర్చుంటూ.

సౌందర్య కీబోర్డు మీంచి చేతులు తీసేసింది. పెదబయలు సంత వీధిలో ఆమె జిరాక్స్ కొట్టు తెరిచి నాలుగు నెలలైంది. ఆధార్ కార్డుల నకళ్లు, పింఛను దరఖాస్తులు, లామినేషన్లు, అదీ ఆమె పని. ఎదురుగా ఉన్న సన్యాసిరావు కిరాణా కొట్టు మాత్రం ముప్పై ఏళ్ల నాటిది. వాళ్ల నాన్న బొబ్బిలి నుంచి వచ్చి పెట్టాడు. కొండల మీంచి పసుపు, పిప్పళ్లు, చింతపండు తెచ్చేవాళ్లంతా ఒకప్పుడు ఆ గుమ్మంలోనే బుట్టలు దించేవారు.

ఇప్పుడు దించడం లేదు. ఆ కొట్టు పక్కనే చోడవరం నుంచి వచ్చిన శివకుమార్ అద్దాల తలుపులతో సూపర్ మార్కెట్ పెట్టాడు. పెడితే పెట్టాడు, ప్రారంభం రోజున ‘పురుగుల్లేని పప్పు ఇక్కడ మాత్రమే’ అని ఫ్లెక్సీ కట్టించాడు. సంతకొచ్చిన జనం అది చదివి, సన్యాసిరావు కొట్టు వైపు చూసి నవ్వారు. ఆ నవ్వు అతనికి అన్నం తింటున్నా వినిపిస్తోంది. శివకుమార్ తలుపులకు తాళం పడేదాకా గడ్డం గీయించనని ఒట్టు పెట్టుకున్నాడు. నెలరోజుల గడ్డం, ఒకటే దురద.

ఆ తాళం వేయించే దారి ఇన్నాళ్లకు తట్టింది. పెదబయలు లాంటి ఏజెన్సీ ఊళ్లలో కొండవాళ్ల భూమిని మైదానం వాళ్లు కొనకూడదని చట్టం. అందుకని కొందరు వ్యాపారులు ఎవరో ఒక గిరిజనుడి పేరున కాగితాలు పుట్టించి, కొట్టు మాత్రం తాము కట్టుకుంటారు. శివకుమార్ కూడా అంతే చేశాడు. ఆ సంగతి పైవాళ్లకు రాస్తే చాలు.

సౌందర్య వద్దంది. పక్కపక్క కొట్లవాళ్లకి ఈ పగలెందుకు, వదిలేయమంది. అతను వినలేదు. పేరు లేని అర్జీ ఎవరూ పట్టించుకోరని చెప్పింది. అయితే నువ్వే సంతకం పెట్టు, కొండపిల్లవి, నీ మాటకి విలువుంటుందన్నాడు. రేపు మీరూ మీరూ ఒకటై నన్నే తిడతారని ఆమె భయపడింది. తిట్టనని అతను దేవుడి మీద ప్రమాణం చేశాకే ఒప్పుకుంది.

“కాగితాలన్నీ సరిగ్గానే ఉంటాయి కదా సావుకారూ. దొంగ పేరని ఎలా తెలుస్తుంది?” అని మాత్రం అడిగింది.

సన్యాసిరావుకి హుషారొచ్చింది. “కాగితాలు సూత్తే ఏటి తెలుత్తాది? కరెంటు మీటరు ఎవుల పేరునుందో సూడమను. ఇంటి పన్ను రసీదులు తియ్యమను. ఆ పట్టా మనిసిని బండెక్కించి తెచ్చి, ఏలిముద్ర ఏటని సెప్పి ఏయించినారో అడగమను. అంతే, కొట్టు మూతే.”

“ఇవన్నీ మీకెలా తెలుసు?”

“మా నాన్న సేసిందీ అదే గదే గుంటా,” అని నవ్వాడు.

కొట్టు ఉన్న చోటే అప్పట్లో ఒకావిడ పాక వేసుకుని అడ్డాకుల విస్తళ్లు కుట్టుకునేదట. రేషన్ కార్డు ఇప్పిస్తానని చెప్పి వాళ్ల నాన్న ఆవిడ వేలిముద్ర తీసుకుని, ఆ జాగాకి ఆవిడ పేరునే పట్టా పుట్టించాడట. పని కాగానే ఒక చీర చేతిలో పెట్టి, పాక పీకించి పంపేశాడట. అతనిప్పుడు ఆవిడ పేరు కూడా మరిచిపోయాడు. “కొండెక్కిపోయింది. ఉందో పోయిందో. పాత కత ఎవుల్తవ్వుతారు?”

సౌందర్య అతను చెప్పిన ఒక్కొక్క ఆధారం టైపు చేసింది. చలికాలమైనా ఆమె పై పెదవి మీద చెమట పట్టింది. భయపడుతోందనుకుని సన్యాసిరావు జాలిపడ్డాడు. అర్జీలో శివకుమార్ పేరు కళ్లారా చూసుకుని, సోమవారం బేగి వెళ్లి ఆఫీసులో ఇచ్చి రమ్మని చెప్పి లేచాడు.

మూడు వారాలకు, సంత రోజున, అధికారుల జీపు వచ్చి సూపర్ మార్కెట్ ముందు ఆగింది. మీటరు చూశారు. రసీదులు అడిగారు. అన్నీ శివకుమార్ పేరునే ఉన్నాయి. మధ్యాహ్నానికి అద్దాల తలుపులకు సీలు పడింది. బయట నిలబడ్డ శివకుమార్ ముఖం చూసేసరికి సన్యాసిరావుకి కడుపు నిండిపోయింది. మంగలిని అరుగు మీదికే పిలిపించి, సంతంతా చూస్తుండగా గడ్డం గీయించుకోవడానికి కూర్చున్నాడు.

ఒక చెంప అయింది. రెండో చెంపకి నురగ పూస్తుండగా జీపు కదిలి అతని గుమ్మం ముందు ఆగింది.

“మీ కరెంటు మీటరు ఎక్కడుంది?” అడిగాడు అధికారి.

సన్యాసిరావు నురగతోనే లేచాడు. అర్జీ పక్క కొట్టు మీదని చెప్పబోయాడు. అర్జీలు రెండు వచ్చాయని, రెండింటి మీదా సంతకం ఒకటేనని, రెండో అర్జీ ఈ కొట్టు మీదేనని అధికారి చెప్పాడు. ఈ కొట్టు పట్టా మనిషిని వెతికే పని కూడా లేకపోయిందని, ఆమే ముందుగా ఆఫీసుకొచ్చి వేలిముద్ర సంగతంతా చెప్పిందని అన్నాడు.

జీపు వెనక నుంచి యర్రమ్మ అనే ముసలామె దిగింది. సన్యాసిరావు వైపు చూడనైనా లేదు. తిన్నగా వెళ్లి అరుగు ఎక్కి, అతను లేచిన కుర్చీ పక్కకి నెట్టి, నేల మీద కాళ్లు చాపుకుని కూర్చుంది.

సన్యాసిరావు వీధి దాటి జిరాక్స్ కొట్లోకి దూసుకుపోయాడు.

“శివకుమార్ మీద రాయమన్నాను గానీ నా మీద రాయమన్నానా? నీకు నేనేటి అన్నేయం సేసినానే? ఎవుల్దో ముసల్దాని కోసం నా కొంప ముంచుతావా?”

సౌందర్య తలెత్తి అతని ముఖంలోకి చూసింది.

“ఆమె మా అమ్మ.”