నలభై ఒక్క సంతకాలు

“సంతకానికి చెయ్యి రావట్లేదా? పరీక్షలో పౌరహక్కుల మీద నాలుగు పేజీలు నింపావుగా!”

క్యాంటీన్లో ఆ అమ్మాయి గొంతు ఖంగుమంది. అందరూ ఆమెను పిడుగు అనే పిలుస్తారు. ఎదుటి కుర్రాడు కాగితాన్ని వెనక్కి నెట్టాడు.

“నీకేం తల్లీ! సంతకం పెట్టినవాళ్ళని కంపెనీల ఇంటర్వ్యూలకి పంపరట. మా అక్క నన్ను నిలువునా పాతేస్తుంది.”

పక్క బల్ల దగ్గరున్న రాజనీతి మేడానికి ఒళ్ళు మండింది. పందొమ్మిదేళ్ళుగా ఆవిడ ఈ కాలేజీలో రాజనీతిశాస్త్రం చెబుతోంది. ఉద్యోగాలు తేని కోర్సట. వచ్చే ఏడు నుంచి ఎత్తేస్తున్నారు. ఆ క్లాసు గదిలో ఇక ఇంటర్వ్యూలో ఎలా నవ్వాలో నేర్పుతారట! విద్యార్థి సంఘం ఎన్నికలూ రద్దు. ఇకమీదట ‘కస్టమర్ ఫీడ్‌బ్యాక్’ ఫారం నింపితే చాలట. ఇంత జరిగినా కిక్కురుమన్నవాడు లేడు, వీటిని ఆపాలంటూ సంతకాలు పోగేస్తున్న ఈ పిల్ల తప్ప.

“ఎంతమందయ్యారే?”

“వారం రోజులు తిరిగితే నలభైమంది, మేడం.”

“మూడు వేలమందిలో నలభయ్యా! ఇన్నేళ్ళూ నేను పాఠాలు చెప్పానా, గొర్రెల్ని కాశానా?”

“మీరూ పెడతారా? పేరు, ఫోన్ నంబరు స్పష్టంగా రాయండి మేడం.”

నోరు మూసుకుని ఉంటే ఇంకో కాలేజీలో ఉద్యోగం చూపిస్తానని డైరెక్టర్ నిన్ననే ఆశపెట్టాడు. పోతే పోయింది! మేడం కలం లాక్కుని నలభై ఒకటో పేరు రాసింది.

“పద, నేనూ వస్తా. మొహం మీదే అడిగేద్దాం.”

వాళ్ళు లోపలికి రాగానే డైరెక్టర్ కుర్చీలో వెనక్కి వాలాడు. “ఏంటి మేడం, పిల్లల్ని ఎగదోస్తున్నారా?”

“వీళ్ళు సరుకు కొనడానికొచ్చినవాళ్ళు కాదు సార్! రేపు ఈ దేశాన్ని నడిపేవాళ్ళు. ‘ఎందుకు’ అని అడగడం ఇక్కడ చంపేస్తే, బయట ఏ ప్రభుత్వాన్ని అడుగుతారు? తల ఊపేవాళ్ళని తయారుచెయ్యడానికి కాలేజీ ఎందుకు?” ఆవిడ పిడుగు భుజం మీద చెయ్యి వేసింది. “ఈ ఒక్క పిల్ల చాలు, నా పందొమ్మిదేళ్ళూ బూడిదలో పోసిన పన్నీరు కాలేదని చెప్పడానికి. ఇవ్వవే!”

పిడుగు ముందుకెళ్ళి కాగితాలు బల్లమీద పెట్టింది. మేడం వైపు చూడలేదు.

“మీరు తెమ్మన్న జాబితా, సార్.”