దుప్పి కొమ్ము పట్టు

ఈదమ్మ దుప్పి కొమ్మును సానరాయి మీద అరగదీసి, గవదబిళ్లలతో వాచిన మనవరాలి చెంపకు పట్టు వేస్తుండగానే వంటింట్లో ఊడ్చే మిషన్ ఆన్ అయింది. కోడలు స్వరూప పరుగెత్తుకొచ్చింది. ఇప్పుడు ప్రతి ఇంట్లోనూ ఈ మిషన్లే, దుమ్ములో అడవి జంతువు కొమ్ము పొడి తగిలితే చాలు, ఫారెస్టు వాళ్లకు అవే చెప్పేస్తాయి.

"అత్తమ్మా, ఆ కొమ్ము ఇంకా పారెయ్యలేదా?"

"నేనేమన్న సంపిన్నా? వాగుకాడ సచ్చిపడ్డ దుప్పిదే గదా."

"సచ్చినదాని కొమ్మైనా సర్కారుదే. ఇల్లు నా పేర్న ఉంది, జైలుకు నన్నే తీస్కపోతరు. పిల్లనెవరు చూస్తరు?"

"గంత తెలివిగల్ల మిషన్‌కు గవదలు తగ్గించుడు రాదా?"

స్వరూప కొమ్మునూ రాయినీ బకెట్ నీళ్లలో ముంచేసి, గబగబా నేల తుడిచింది. మిషన్ గడప దాటి వచ్చి, గదంతా తిరిగి, మంచం దగ్గర ఆగింది. పిల్ల ముఖం మీదికి ఎర్ర లైటు తిప్పింది.

"వన్యప్రాణి అవశేషం. ఎవరి స్వాధీనంలో ఉంది?"

స్వరూప నోరు తెరిచేలోపే ఈదమ్మ పిల్ల చెంప మీది పట్టును చేత్తో తీసి తన మోకాలికి రాసుకుంది. మిషన్ ముందు చతికిలబడింది.

"తెచ్చింది నేను, దాసింది నేను. నా పేరు రాస్కో."