తడి ఆరకూడదు

ఎండ ఎక్కకముందే ఒకసారి తడపాలి. మధ్యాహ్నం ఇంకోసారి. పొద్దు వాలాక మళ్ళీ. నీళ్ళు కుమ్మరించకూడదు, మంచు కురిసినట్టు చల్లాలి. పైన పరిచిన పీట్‌మాస్ నాచుపొడి నల్లగా ఉంటే తడి ఉన్నట్టు, బిస్కెట్ రంగుకు తిరిగితే ఆరినట్టు. పిల్లి రాకూడదు. పిచ్చుక వాలకూడదు. మనిషి కాలు అసలే పడకూడదు.

మామగారు గేటు దగ్గర పెట్టె పట్టుకుని వేళ్ళు మడుస్తూ ఇవన్నీ రెండోసారి చెప్పారు. అల్లుడు రెండోసారి తలూపాడు.

"ఊపడానికైతే తలకాయ ఉంది. అందులో ఏదైనా నిలవాలి కదా! మొన్న పానా కనబడలేదని ఇల్లంతా తిరగేశావు. చివరికి ఎక్కడ దొరికింది?"

"నా జేబులోనే మామయ్యా."

"విన్నావా తల్లీ?" అన్నారాయన కూతురితో. కూతురు నవ్వు దాచుకోవడానికి అటు తిరిగింది.

అందుకే ఆయన నేల చదును చేసినప్పుడూ, గడ్డి విత్తనాల పొట్లం తెచ్చినప్పుడూ, పైన ఆ నాచుపొడి పరిచినప్పుడూ ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు. అంతా తన చేతుల మీదుగానే ముగించి, తోటపనికి వేసుకునే పాత ఉన్నికోటు విప్పి షెడ్డు గోడకున్న మేకుకు తగిలించి, ఇప్పుడు తమ్ముడి ఊరికి బయలుదేరారు. తమ్ముడికి కంటి ఆపరేషన్.

"ఇదిగో, ఒక్క మాట. నేను తిరిగొచ్చిన రోజు నా చేతికి పచ్చగడ్డి తగిలిందా, ఆ షెడ్డు నీది. సైకిల్ షాపు పెట్టుకుంటావో, విమానాలే బాగుచేస్తావో నీ ఇష్టం. తగల్లేదా, అందులో నా పడక్కుర్చీ పడుతుంది. నువ్వు మీ ఓనరు దగ్గరే పంక్చర్లు వేసుకుంటూ ఉండు."

సొంత షాపు అల్లుడికి ఎన్నాళ్ళనుంచో కల. తన మతిమరుపు సంగతి కూడా అతడికి తెలుసు. అందుకని ఒక ఉపాయం చేశాడు. తడిపిన ప్రతిసారీ పైపు చుట్టచుట్టి కోటున్న మేకుకే తగిలించేవాడు. తన సైకిల్ తాళంచెవి కూడా దానికే వేలాడదీశాడు. పైపు తీయకుండా తాళంచెవి రాదు. పైపు చేతికొచ్చిందంటే నీళ్ళు చల్లడం గుర్తుకురాక తప్పదు. మధ్యాహ్నం భోజనం మానైనా వచ్చి తడిపేవాడు. పిచ్చుకల్ని తోలడానికి పాత సైకిల్ బెల్లు ఒకటి కిటికీకి కట్టాడు. దాన్ని మోగించే పని భార్యది.

వారం దాటింది. నేల ఉలకలేదు, పలకలేదు.

పక్కింటి టైలరమ్మ నోట్లో నువ్వుగింజ నానదు. ఇక్కడ గడ్డిగింజ నానుతున్న సంగతి వీధంతా చాటేసింది. గోడమీంచి తొంగిచూసి రోజూ ఒకటే పలకరింపు: "ఏం బాబూ, ఉత్త మట్టినే పెంచుతున్నావా?"

"లోపల వేళ్ళు పోస్తున్నాయమ్మా!" అనేవాడు అల్లుడు. రాత్రి భార్యతో మాత్రం, "మొలకల జాడే లేదే. నేనేమైనా మరిచిపోయానంటావా?" అన్నాడు.

"అన్నం తినడం మరిచిపోయారు. నీళ్ళు పోయడం ఒక్కపూటా మరవలేదు. నేను చూస్తూనే ఉన్నానుగా," అందామె.

రెండు వారాలకు మామగారు దిగారు. పెట్టె గేటు దగ్గరే వదిలేసి నేలమీద వంగారు. నల్లగా, చల్లగా ఉంది. గడ్డి మాత్రం లేదు. వేలితో నాలుగుచోట్ల గెలికి చూశారు. గింజ కూడా లేదు.

"తడి బాగానే ఉంది. మరి గింజలేవయ్యా?"

"తెలియదు మామయ్యా."

"నాకు తెలుసు. నువ్వు తడుపుతావు, కాపలా మరుస్తావు. పిచ్చుకలన్నీ పెళ్ళిభోజనం చేసి వెళ్ళుంటాయి."

"లేదు నాన్నా! బెల్లు కొట్టీ కొట్టీ నా చెయ్యి పడిపోయింది," అంది కూతురు.

"ఇంక వెనకేసుకు రాకు. మాటంటే మాటే. కుర్చీ తీసుకురా అల్లుడూ, షెడ్డులో వేద్దాం."

అల్లుడు లోపలికి వెళ్ళి పడక్కుర్చీని భుజానికెత్తుకొచ్చాడు. గోడమీద టైలరమ్మ తల అప్పటికే లేచింది.

"ఆగు, ముందు షెడ్డు బూజు దులపాలి," అంటూ మామగారు మేకుమీది పైపు తీసి కిందపడేసి, కోటు లాగి తొడుక్కున్నారు. "ఇదేమిటి, ఇంత తడిగా ఉంది?"

"పైపు నీళ్ళు కారినట్టున్నాయి మామయ్యా. మూడుపూటలా దానిమీదే తగిలించాను."

"కోటు కూడా పాడుచేశావన్నమాట!" అంటూ ఆయన చేతిగుడ్డ కోసం జేబులో చెయ్యి పెట్టారు. పెట్టిన చెయ్యి తేలు కుట్టినట్టు వెనక్కి లాక్కున్నారు. "అమ్మో! ఏదో ఉందిరా లోపల! మెత్తగా, చల్లగా..."

కూతురు పరుగున వచ్చి జేబుమీది మూత ఎత్తింది. నానిపోయిన కాగితం పొట్లాన్ని చీల్చుకుని, జేబు నిండా లేతపచ్చ గడ్డి చిక్కగా మొలిచి ఉంది.

అల్లుడు భుజంమీది కుర్చీని మెల్లగా నేలమీద దించాడు.

"మామయ్యా, మీ చేతికి గడ్డి తగిలింది కదా?"

మీరెప్పుడైనా జేబులో ఉన్న వస్తువు కోసం ఇంట్లోవాళ్ళ మీద కేకలేస్తుంటే, ఆ మామగారిని ఒక్కసారి గుర్తుచేసుకోండి. ఆ షెడ్డులో సైకిల్ బాగుచేయించుకోవడానికి వెళితే మాత్రం, ఆయనకు ఈ సంగతి గుర్తుచేయకండి.