పదికి పది

స్కేలు సారు సంతకం పెట్టనిదే ఆ కంపెనీలో ఏ పైలటూ విమానం ఎక్కడానికి లేదు.

ఆయన అసలు పేరు చాలామందికి గుర్తు లేదు. పైలట్ల యూనిఫాం, వేషం సక్రమంగా ఉన్నాయో లేదో చూడటం ఆయన ఉద్యోగం. జేబులో ఎప్పుడూ ఒక స్టీలు స్కేలు. టై కొస బెల్టు దగ్గర ఆగిందా, భుజాల మీద బంగారు పట్టీలు వంకర పోయాయా, కోటు చేతి అంచున చొక్కా ఎంత కనిపిస్తోంది, అన్నీ కొలుస్తాడు. "అద్దంలో తన గడ్డం చూసుకోనివాడు రన్‌వే ఏం చూస్తాడు?" అని అడుగుతాడు.

ఆ రోజు పొద్దున్న ఏడింటికి ఆయన గదిలోకి కెప్టెన్ వచ్చింది.

ఇద్దరి మధ్యా పాత పేచీ ఒకటుంది. ఆమె జుట్టు. ఉంగరాలు తిరిగిన ఒత్తు జుట్టు. ఎన్ని పిన్నులు గుచ్చినా ముడిలో కుదురుగా కూర్చోదు. తొమ్మిదేళ్లలో ఆయన పదిహేడు సార్లు "జుట్టు: తృప్తికరంగా లేదు" అని రాశాడు. కిందటేడు చెవి మీదికి జారిన ఒక్క పాయ కోసం ఆమెను డ్యూటీలోంచి ఇంటికి పంపేశాడు.

"గాలికి జారింది సార్" అంది ఆమె అప్పుడు.

"గాలి అందరికీ వీస్తుందమ్మా" అన్నాడు ఆయన.

ఇప్పుడు ఏడు నెలలు సెలవు పెట్టి వచ్చింది. ఎందుకు పెట్టిందో ఆయనకు తెలియదు. అది ఆయన శాఖ కాదు. ఇల్లు కట్టుకుంటోందని కొందరు, వేరే కంపెనీలో ప్రయత్నిస్తోందని కొందరు అనుకున్నారు. తిరిగి చేరడానికి కావలసిన కాగితాలన్నీ వచ్చేశాయి. పరీక్షలన్నీ పాసైంది. మిగిలింది ఈయన ఫారం ఒక్కటే. తొమ్మిదిన్నర విమానం ఆమె పేరు మీద ఉంది. ఈయన తల అడ్డంగా ఊపితే దాన్ని ఇంకొకరు నడుపుతారు.

స్కేలు సారు కళ్లజోడు తుడుచుకుని ఆమె చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు.

బూట్లు అద్దంలా ఉన్నాయి. ప్యాంటు ఇస్త్రీ మడత కత్తిలా ఉంది. గోళ్లు పొట్టిగా ఉన్నాయి. కనుబొమ్మలు గీత గీసినట్టు ఉన్నాయి.

మెడ దగ్గర ఆగాడు. కాలరుకీ మెడకీ మధ్య స్కేలు దూర్చకుండానే ఖాళీ కనిపిస్తోంది.

"బాగా చిక్కిపోయారే. డైటింగా?"

"అలాంటిదే సార్."

"చేస్తే చేశారు, చొక్కాలు మార్చుకోవద్దూ? రెండు సైజులు పెద్దది ఇది."

"మళ్లీ ఒళ్లు చేస్తానేమోనని ఆగాను సార్."

"ఒక మార్కు తగ్గిస్తున్నా" అని రాసుకున్నాడు. "టోపీ తీయండి."

కెప్టెన్ కదల్లేదు.

"తీయాలా సార్?"

"రూలు. టోపీ తీసినా పెట్టినా జుట్టు చెదరకూడదు. మీకు కొత్తేం కాదుగా!"

ఆయన కలం మూత తీసి, పాత మాటే పద్దెనిమిదోసారి రాయడానికి సిద్ధంగా పట్టుకున్నాడు. ఆమె రెండు చేతులూ ఎత్తి, నిండు గిన్నె దించుతున్నంత జాగ్రత్తగా టోపీ తీసింది.

ఏమీ చెదరలేదు.

స్కేలు సారు దగ్గరికొచ్చి చూశాడు. పక్కనుంచి చూశాడు. వెనక్కెళ్లి చూశాడు. నున్నగా దువ్విన జుట్టు, చక్కటి ముడి, ఒక్క వెంట్రుక బయటికి లేదు. ఆయన కలం గాల్లోనే ఉండిపోయింది.

తలుపు దగ్గర తన వంతు కోసం ఎదురుచూస్తున్న కో-పైలట్ అమ్మాయిని కేకేశాడు.

"ఇలా రా. చూడు ఈవిణ్ణి. తొమ్మిదేళ్లు నన్ను సతాయించింది. పట్టుదల ఉంటే మనిషి ఎలా మారొచ్చో చూడు. నీ తల చూడు, పిచ్చుక గూడు!"

ఆ అమ్మాయి రెండు చేతులతో తల తడుముకుంది.

"ఏం చేశారమ్మా?" అని ఆయన కెప్టెన్‌ని అడిగాడు. గొంతులో మొదటిసారి గౌరవం ఉంది. "నూనె ఏమైనా మార్చారా? చెబితే వీళ్లకీ పనికొస్తుంది."

"నూనె కాదు సార్. ఏడు నెలలు ఓపిక పట్టాను, అంతే. ఇప్పుడు చెప్పిన మాట వింటోంది."

"చూశావా, ఓపిక!" అన్నాడు ఆయన కో-పైలట్‌తో.

ఫారంలో జుట్టు దగ్గర పదికి పది వేశాడు. ఆ గడిలో ఆ అంకె వేయడం పదకొండేళ్ల సర్వీసులో ఆయనకు అదే మొదలు. కింద సంతకం పెట్టి, కాగితం ఊది ఆరబెట్టి మరీ ఇచ్చాడు.

కెప్టెన్ ఆ కాగితం అందుకుని మళ్లీ టోపీ పెట్టుకుంది. తొమ్మిదిన్నర విమానం తొమ్మిదిన్నరకే లేచింది. తిరుగు ప్రయాణంలో చక్రాలు నేలకు తగిలిన సంగతి నిద్రపోతున్న ప్రయాణికులకు తెలియను కూడా లేదు.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి భర్త గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. ఆమె మొహం చూసి చేతిలోని పెట్టె అందుకున్నాడు. మూడో తరగతి చదివే కూతురు మాత్రం ఆగలేకపోయింది.

"అమ్మా, ఆ సారు ఎన్ని మార్కులు వేశాడు?"

"చొక్కాకి ఒకటి కోశాడు."

"మరి జుట్టుకి?"

"పదికి పది."

కూతురు మూతి ముడుచుకుంది. "మా టీచరు నాకు నాలుగే వేసింది. తల దువ్వుకుని రమ్మంది. నాక్కూడా పదికి పది కావాలి."

"ఇంతేనా?" అని కెప్టెన్ సోఫాలో కూర్చుని, తన తల మీది జుట్టంతా ముడితో సహా తీసి కూతురి తలకు పెట్టింది.