మట్టి గుమ్మం

బడిలో పక్క గదికి ఊళ్లు చూపించే గోడలు వచ్చినప్పటి నుంచీ మట్టిబొమ్మల టీచరు వర్ధనమ్మకు కడుపు రగిలిపోతోంది. అక్కడ మీట నొక్కితే చాలు, సముద్రం మింగేసిన రేవులు కూడా చేపల వాసనతో సహా లేచి నిలబడతాయి.

"మీకు అన్నిటికన్నా ఇష్టమైన చోటు చెయ్యండర్రా," అని ఆ రోజు తన పిల్లలకు తడిమట్టి పంచింది. ఇళ్లూ, అరుగులూ వస్తాయనుకుంది. అందరూ ఆ పక్క గదినే చేశారు!

వర్ధనమ్మకు ఒళ్లు భగ్గుమంది. మంగతాయి చేసిన గదికి మాత్రం గుమ్మం బయట ఓ మనిషి బొమ్మ వంగి నిలబడి ఉంది.

"ఎవరే ఇది?"

"మీరేనండి. రోజూ తలుపుచాటు నుంచి తొంగిచూస్తారు కదండీ. ఇరుకని లోపలికి రావట్లేదేమోనని, గుమ్మం కాస్త పెద్దది చేశానండి."